ఐదుగురు పాడినా ఒకటే గంప

నెల్లూరులో కంప్యూటర్ కోర్సులు చెప్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో శివశంకర్ సారు. లైనక్స్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లకు బయట ఎన్ని ఉద్యోగాలున్నాయో యాజమాన్యం లెక్క తీయమంటే, వెబ్‌సైట్లలో ప్రకటనలన్నీ నెలపాటు పోగేసి తేల్చాడు. నాలుగు వందల పన్నెండు! ఆ అంకె గేటు దగ్గర ఫ్లెక్సీకెక్కింది. మనవాడి ఛాతీ కాస్త ఉబ్బిన మాట నిజం.

ఆ ఫ్లెక్సీని నమ్మి, జువ్వలదిన్నె అమ్మాయి రోజారమణి, వచ్చిన నర్సింగ్ సీటు పక్కనపెట్టి కోర్సులో చేరింది.

నెల తిరక్కముందే శివశంకర్‌కు తన తప్పు కనబడింది. కంపెనీలో ఒక్క ఖాళీ ఉంటే పది కన్సల్టెన్సీలు తలా ఒక ప్రకటన వేశాయి. ఈ మేధావి పదింటినీ పది ఉద్యోగాలుగా లెక్కపెట్టాడు. సరిగ్గా తీస్తే ముప్పై ఎనిమిదే. చెబితే పరువు పోతుందని కిక్కురుమనకుండా ఊరుకున్నాడు. కోర్సు అయిపోయింది. రోజారమణికి పని దొరకలేదు. ఫ్లెక్సీ మాత్రం గేటు దగ్గరే ఉంది, రోజూ దాని కిందనుంచే లోపలికి వెళ్లాలి. సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఇక ఉండబట్టలేక ఒక ఉదయం జువ్వలదిన్నె హార్బర్‌కు వెళ్లాడు. రోజారమణి చేపల మీద ఐసు చల్లుతోంది. వాళ్లమ్మ కామమ్మ గంప దగ్గర వేలం పాట అప్పుడే ముగిసింది.

“మా బిడ్డకు చదువు చెప్పిన సారు గదా!” అంటూ కామమ్మ రెండు చేపలు సంచిలో వేసి బలవంతాన చేతిలో పెట్టింది.

అతను తడబడుతూనే అంతా చెప్పేశాడు. కామమ్మకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఐదుగురు పాడినా గంప ఒకటే గదా సారూ! ఆ మాత్రం తెలవదా?”

శివశంకర్‌కు తల కొట్టేసినట్టయింది. రోజారమణి చేతులు తుడుచుకుంటూ లేచింది.

“నేనూ లెక్కేసినా సార్, మీరు నేర్పిచ్చినట్టే. ముప్పై ఎనిమిదే వచ్చినాయి.”

“ఎప్పుడు?”

“కోర్సులో చేరిన నెలకు, నర్సింగ్ సీటుకు ఇంకా వారం గడువుండంగానే. నా లెక్కే తప్పనుకున్నా. మీది తప్పయితే చెప్పకుండా ఉంటారా అని.”

శివశంకర్ చేతిలో చేపల సంచి ఉంది. దాన్ని తిరిగి ఇవ్వడానికి కూడా మొహం చెల్లలేదు.