వేలికి దొరకని పూస

నా కొట్టు పోవడానికి కారణం మా బావమరిది. వీధిలో వాణ్ణి త్రాసు అంటారు. తూకంలో గింజంత తేడా రానివ్వడు. అలాంటివాడు సొంత అక్క మొగుణ్ణి ఈ వయసులో కూలిపనికి దించాడు. ఎవరడిగినా ఇన్నాళ్ళూ ఇంతవరకే చెప్పాను.

మిగతాది ఇది.

ఇద్దరం ఒకే కొట్టులో బంగారం పని చేసేవాళ్ళం. ఆకురాయి పట్టినప్పుడు రాలిన రజను నేలమీద దుమ్ములో కలుస్తుంది. ఆ దుమ్ము ఊడ్చి దాచి, ఏడాదికోసారి పాదరసం పోసి పిసికేవాళ్ళం. అది బంగారాన్నే పట్టుకుంటుంది, మట్టిని ముట్టుకోదు. గుడ్డలో వేసి పిండితే తెల్లటి ముద్ద మిగులుతుంది. దాన్ని కాలిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం నిలుస్తుంది. ఆ ఆవిరి మనిషిని తినేస్తుందని పని నేర్పినవాడే చెప్పాడు. అందుకే కొట్టులో పొయ్యి మీద రేకు గొట్టం పెట్టాం. వచ్చిన బంగారం చెరి సగం.

ఆ సగం నాకు చాల్లేదు. రోజూ వాడు వెళ్ళాక నా బల్ల కింద దుమ్ము ఊడ్చి, ఖాళీ క్యారేజీలో ఇంటికి తెచ్చేవాణ్ణి. పోగయ్యాక వంటింట్లోనే పాదరసంతో పిసికి, గ్యాసు పొయ్యి మీద కాల్చేవాణ్ణి. వాడి ఇల్లు ఎదురుగానే, చూస్తాడేమోనని కిటికీ మూసేవాణ్ణి. పాదరసం ఆవిరికి వాసన ఉండదు. దొంగపనికి ఇంతకన్నా అనువైనది లేదనుకున్నాను. ముద్ద పొయ్యి మీద పెట్టి, నేను మాత్రం వరండాలో కూర్చునేవాణ్ణి. మా ఆవిడ రోజంతా ఆ గదిలోనే. వండేది, మిగతా పొద్దు అక్కడే బట్టలకు పూసలు కుట్టేది.

"ఏమండీ, ఈ సూదికి కాస్త దారం ఎక్కించండి. చెయ్యి నిలవట్లేదు."

"నలభై రెండేళ్ళకే వణుకా? మీ అమ్మమ్మ గానీ పూనిందా?"

"నవ్వండి, నవ్వండి. రేపు మీ గుండీలు మీరే కుట్టుకుందురుగాని."

తర్వాత చిగుళ్ళు వాచాయి. నిద్ర పోయింది. ఊరికే ఏడ్చేది. డాక్టరు దగ్గరికి ఆవిడ తమ్ముడూ మాతో వచ్చాడు.

"ఇంట్లో పాదరసంతో ఏమైనా పని చేస్తారా?" అని అడిగాడు డాక్టరు.

వాడు పక్కనే ఉన్నాడు. "కొట్టులోనేనండీ, ఏడాదికోసారి. ఇంట్లో లేదు" అన్నాను.

ఐదు నెలలు ఏదో నరాల మందు మింగింది. ఆ ఐదు నెలల్లో నేను ఇంకో రెండుసార్లు కాల్చాను.

ఒకరోజు ఆవిడ చేతిలోంచి పూసల గిన్నె జారింది. చూడ్డానికొచ్చిన తమ్ముడు వంగి, పొయ్యిగట్టు కింద పగుళ్ళలోంచి పూసలు ఏరుతున్నాడు. ఒక పూస వేలికి దొరకలేదు. ముట్టుకుంటే రెండయింది.

వాడు తలెత్తి పొయ్యిని చూశాడు, మూసిన కిటికీని చూశాడు.

"బావా, ఇది పూస కాదు."

నేను వంగి మిగతా పూసలు ఏరబోయాను.

"సగం చాలకపోతే నోరు తెరిచి అడగాల్సింది. మొత్తం ఇచ్చేవాణ్ణి కదా. నన్ను పెంచిందే అక్క."

మా ఆవిడ నా వైపు చూడలేదు. "ఆ కిటికీ తెరువురా తమ్ముడూ" అంది.

మందు మారింది. చిగుళ్ళు మానాయి, నిద్ర వచ్చింది. వణుకు తగ్గింది గానీ, సూది పట్టేంతగా కాదు. ముందే చెప్పి ఉంటే బాగుండేదన్నాడు డాక్టరు. ఆ మాట నా మొహం చూసే అన్నాడు.

కొట్టులో నా వాటా అక్క పేర రాయమని వాడు కాగితాలు తెచ్చాడు, అద్దె ఆవిడకే వచ్చేలా. ఆవిడ సంతకం పెట్టబోతే కలం గీతలు గీసింది. చివరికి వేలిముద్ర వేసింది. నా చెయ్యి మాత్రం వణకలేదు.

నాలుగేళ్ళలో వంటింట్లో నేను తీసిన బంగారం పంతొమ్మిది గ్రాములు. పోయింది, తొమ్మిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న కొట్టులో నా సగం. యాభై నాలుగు చదరపు అడుగులు.