కూర్మమ్మ కేక

ఒకప్పుడు కూర్మమ్మ కేకేస్తే మూడు వీధుల అవతల పిల్లులు కూడా లేచి కూర్చునేవి. "సేపలోయ్ సేపలు! వంజరాలు, కవళ్లు!" అంటూ భోగాపురం చుట్టుపక్కల ఆమె తిరగని వాకిలి లేదు. ఇప్పుడు ఒళ్లు నూట ముప్పై కిలోలయింది. గంప సంగతి దేవుడెరుగు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. పొట్టసంచి చిన్నది చేసే ఆపరేషన్ కోసం విజయనగరం ఆస్పత్రిలో చేరింది.

ఆపరేషన్‌కి ఒప్పుకుంది గానీ ఒక్క మందుకి మాత్రం ససేమిరా అంది. 2015లో గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీసినప్పుడు, నొప్పికని నల్లమందు జాతి ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి ఆగింది. రెండు రోజులు గొంతులో గొట్టంతో మిషను మీద పడుంది. మొగుడు గంగులు, పాపం, ఏడుపు కూడా మొదలెట్టేశాడు.

"అది లేకపోతే ఎలా?" సర్జన్ గణపతిరావు విసుక్కున్నాడు. "మెలకువ రాగానే నొప్పితో ఆస్పత్రి ఎగిరిపోయేలా అరుస్తావు."

"అరిస్తే అరుస్తాను. అరవాలంటే ముందు ఊపిరుండాల కదా బాబూ!"

గంగులు మోచేత్తో పొడిచాడు. "ఒసే, పెద్ద డాక్టరు. నోర్ముయ్యి."

"నువ్వుండెహె! ఆగిపోయింది నీ ఊపిరేటి?"

మత్తు డాక్టరు లీలారాణి నవ్వాపుకుంది. "సార్, ఆ జాతి మందు చుక్క కూడా వాడకుండా నేను మత్తిస్తాను. పొట్ట నరాలు మొద్దుబార్చే సూదులున్నాయి, సెలైన్‌లో ఇచ్చే వేరే మందులున్నాయి." కూర్మమ్మ వైపు తిరిగింది. "నొప్పి బొత్తిగా ఉండదని మాత్రం చెప్పనమ్మా."

"ఉంటే ఉండనీ. నువ్వు కానియ్యమ్మా."

"తేడా వస్తే బాధ్యత నీదే" అని లీలారాణితో అనేసి గణపతిరావు వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆపరేషన్ అయింది, మత్తు కోసం గొంతులో పెట్టిన గొట్టం తీశారు. కూర్మమ్మ కళ్లు తెరిచింది. పొట్టలో మంటగా ఉంది, లేదనడానికి లేదు. ముందు ఊపిరి పీల్చి చూసుకుంది. వచ్చింది. ఇంకోటి పీల్చింది. అదీ వచ్చింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

మంచం పక్కన గణపతిరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏం కూర్మమ్మా, ఓర్చుకోలేకపోతున్నావు కదూ? ఆ ఇంజెక్షన్ వేయించనా?"

కూర్మమ్మ ఒక చెయ్యి పొట్టమీద అదిమి, రెండో చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"సేపలోయ్ సేపలు!"

గొంతు బొంగురుపోయింది గానీ కేక కేకే. నర్సు చేతిలో ట్రే కిందపడింది. బయట బెంచీ మీద కూర్చున్న గంగులు, "మా ఆడదే, అది మా ఆడదే!" అని తలుపు తోసుకుని వచ్చేశాడు.

"ఊపిరున్నాది బాబూ" అంది కూర్మమ్మ. "ఇంకా అనుమానముంటే సెప్పు, వంజరాలు కూడా అరుస్తాను."