నొప్పి బటన్

చిన్న బోర్డు మీద ఎనిమిది వరసల్లో ఎనిమిదేసి ఎర్రదీపాలు, ఈ కాస్త జాగాలో నీళ్ళు అనే మాట పట్టదు, ఒత్తు పెడితే కొమ్ము పోతోంది, కొమ్ము పెడితే ఒత్తు పోతోంది, మన అక్షరాలకి ఒళ్ళెక్కువే అనేది అక్క, చిన్నప్పుడు పలక మీద దిద్దిస్తూ, ఇప్పుడా అక్కే మెట్ల మీంచి పడి నోట మాట లేకుండా మంచంలో ఉంది, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే ఆడుతోంది, అందుకే బొమ్మలే మేలనుకుంది చెల్లెలు, నీళ్ళకి గ్లాసు, నొప్పికి ఇంటూలాంటి అడ్డగుర్తు, అక్క వేలి కింద రెండే బటన్లు, ఏది నొక్కితే ఆ బొమ్మ వెలుగుతుంది, తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ మొన తడి స్పాంజికి తగిలి చుయ్‌మంది, ఎందుకమ్మా నీకీ తిప్పలు, దానికేం కావాలో నాకు తెలీదా అన్నాడు బావ గుమ్మంలోంచి, నిజమే, ముద్దలు కలిపి తినిపిస్తాడు, ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలంటుంది పక్కింటావిడ.

మొదట గ్లాసు వెలిగింది, అక్క కళ్ళు నవ్వాయి, చెంచాతో నీళ్ళు పోస్తుంటే చెల్లెలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, ఇంతలో బావ మందు పట్టుకొచ్చాడు, అడ్డగుర్తు, ఎక్కడే నొప్పి అని వంగాడు, అడ్డగుర్తు, ఆయన వెళ్ళగానే ఆరిపోయింది, దుప్పటి మార్చడానికొచ్చాడు, మళ్ళీ అదే, నీ మిషన్‌కి నేనంటే గిట్టదు కాబోలు మరదలా అని నవ్వాడు, ఎక్కడో తీగకి తీగ తగులుతోంది, నా పనే అంత, తొందరెక్కువ అని చెల్లెలు తనని తాను తిట్టుకుంటూ ఆయన బజారుకి వెళ్ళాక అంతా విప్పింది, మీటరు పెట్టి ప్రతి అతుకూ చూసింది, ఒక్కటీ వదులు లేదు, మళ్ళీ బిగించి నొప్పిగా ఉందా అక్కా అంటే వేలు కదల్లేదు, దాహమా అంటే గ్లాసు, మరి ఇందాక ఎందుకలా.

వీధి తలుపు చప్పుడైంది, చెప్పులు విడిచిన చప్పుడు, ఆయనింకా గదిలోకి రానేలేదు, అక్క వేలు తడుముకుంటూ పోయి నొప్పి బటన్ మీద పడింది, గోరు తెల్లబడేలా నొక్కింది, కళ్ళు మాత్రం చెల్లెలి మీదే, అక్క పడిన రోజు ఫోన్లో బావ తనతో ఏమన్నాడు, నేను ఇంట్లో లేనమ్మా, వచ్చేసరికి పడి ఉంది, కాలు జారింది అన్నాడు, ఇంట్లో లేనివాడికి కాలు జారిందని ఎవరు చెప్పారు, దీన్నిక తీసేద్దాంలే, ఊరికే హైరానా పడుతోంది అంటూ లోపలికొచ్చిన బావ వంగి గోడలోంచి ప్లగ్గు లాగేశాడు, దీపాలు ఆరిపోయాయి, అక్క వేలు మాత్రం బటన్‌ని నొక్కుతూనే ఉంది, చెల్లెలు లేచి బావకీ మంచానికీ మధ్య నిలబడింది, పక్కకి జరగలేదు, అక్క కాలు జారి పడలేదు.