హాలుకు చేరని గొంతు

కచేరీలకు కొత్త సౌండ్ మిక్సర్ వచ్చినప్పటినుంచి మా బావ కాలు ఒకచోట నిలవలేదు. పాతది మంచమంత ఉండేది. నలుగురు పట్టుకుంటే తప్ప కదిలేది కాదు, వేడెక్కితే గురక పెట్టేది. కొత్తది సూట్‌కేసంత. తెర మీద వేలు ఆనిస్తే చాలు, చెప్పిన మాట వింటుంది. దుమ్ము పడుతుందని బావ దాని మీద మెత్తటి గుడ్డ కప్పేవాడు. "నాకు జ్వరమొస్తే దుప్పటి కప్పడు గానీ, నా సవతికి చూడు ఎంత సేవ చేస్తున్నాడో" అని అక్క అందరి ముందూ ఆటపట్టించేది. బావ సిగ్గుపడేవాడు, గుడ్డ మాత్రం తీసేవాడు కాదు.

కచేరీ జరుగుతున్నంతసేపూ ఆ మిక్సర్ ఒక్కో మైకులో పడ్డ శబ్దాన్ని విడివిడిగా దాచుకుంటుంది. తర్వాత మరో హాల్లో, వాయించేవాళ్ళు ఇంకా రాకముందే, దాన్ని తిరిగి ఆడించి స్పీకర్లు సరిచూసుకోవచ్చు. వేదిక మీద పిట్ట కూడా ఉండదు, పాట మాత్రం హాలంతా మోగుతుంది. తెర మీద ప్రతి మైకుకూ ఒక చిన్న గడి ఉంటుంది. ఒకసారి నొక్కితే లైవ్, మళ్ళీ నొక్కితే దాచింది ఆడించే ప్లేబ్యాక్. ప్లేబ్యాక్‌లో ఉన్న మైకు ముందు మనిషి గొంతు చించుకున్నా హాలుకు వినపడదు, రికార్డూ కాదు. ఆడించాలి, లేదా దాచుకోవాలి. రెండూ ఒకేసారి దానివల్ల కాదు. అందుకే మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. తలుపులు తెరిచేముందు బావ ఒక్కో మైకు పేరూ పైకి చదవాలి, నేను తెర చూసి "లైవ్" అని బదులు చెప్పాలి.

కచేరీ మొదలయ్యాక నా పని వేదిక పక్కన. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ చెవుల్లో గట్టిగా బిగిసే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. ఎవరికి ఏది ఎంత వినపడాలో నేను నా బల్ల మీదనుంచి పంపుతాను. వేదిక మీది మైకులు నా బల్లకు నేరుగా వస్తాయి, బావ మిక్సర్‌తో సంబంధం లేదు. చెవులు మూసుకున్నాక హాల్లో ఏం మోగుతోందో వాళ్ళకు తెలియదు, నేను పంపిందే వింటారు.

మా కచేరీల్లో పాడే అక్క గొంతు బొంగురుపోయినప్పుడు జలుబే అనుకున్నాం. కషాయాలు తాగించాం, మాట్లాడొద్దని కసిరాం. చివరికి డాక్టరమ్మ నాన్చకుండా చెప్పేసింది. "కణితి స్వరపేటిక మొత్తం పట్టేసింది. తీసేయాల్సిందే. ప్రాణం దక్కుతుంది, గొంతు దక్కదు."

అక్క ఏడవలేదు. "ఒక్క పాట పాడి వస్తాను" అంది.

ఇంటికొచ్చాక బావ బతిమాలాడు. "ఎందుకే ఇప్పుడు? బాగున్నప్పుడు ఎలా పాడావో జనానికి అదే గుర్తుండనీ."

"గొంతు నాది. ఎలా పోతోందో అలాగే వింటారు. ఇన్నేళ్ళు నన్ను మోసిన వాళ్ళకు చెప్పకుండా పోతానా? పాడతాను, చెప్తాను, దిగిపోతాను."

ఆ ఒక్కటే అడిగింది మా అక్క. తన ఆఖరి మాట తన నోటితో జనానికి చెప్పాలని.

ఆ ఆఖరి కచేరీ రోజు సాయంత్రం మిగతా పాటలన్నీ వేరేవాళ్ళు పాడారు. చివర్న అక్క వంతు. తను సొంతంగా కట్టుకున్న పాట, ఏళ్ళ తరబడి ప్రతి కచేరీనీ దాంతోనే ముగించేది. మధ్యాహ్నం ట్రయల్లో గొంతు రెండుసార్లు విరిగింది. బావ తెర తుడుస్తూ తలెత్తలేదు. తలుపులు తెరిచేముందు మైకులన్నీ చదివాడు. "మీ అక్క మైకు" అన్నాడు. తెర చూసి "లైవ్" అన్నాను.

అక్క వచ్చి నిలబడింది. నేను నా చెవుల్లోకి అక్కకు పంపేదే పెట్టుకున్నాను. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో గొంతు చీలింది. ఒక లైను సగం గాలే వచ్చింది. అయినా వెనక్కి తగ్గలేదు, మైకును మూతికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. అంత బాగా అక్క ఎన్నడూ పాడలేదని నాకనిపించింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

చివర్న స్వరం పైకెక్కి నిలిచే ఒక పెద్ద ఎత్తు ఉంటుంది ఆ పాటలో. అక్కడికొచ్చి ఆగిపోయింది. పాడకుండా, మామూలుగా మాట్లాడింది.

"ఇక్కడిదాకా వచ్చింది. ఇక రాదు. ఇన్నాళ్ళూ విన్నారు. వెళ్ళొస్తాను."

హాలు గుండె ఆగినట్టు అయిపోతుందనుకున్నాను. కానీ ముందు వరసల్లో జనం చేతులూపుతున్నారు. అనుమానమొచ్చి ఒక చెవిలోది తీసేశాను. హాల్లో అక్క గొంతు నిండుగా, ఎక్కడా చిన్న గీత లేకుండా, ఆ ఎత్తు మీద నిలబడి ఉంది. అది నిరుడు ఇదే మిక్సర్లో దాచిన గొంతు. మా వాళ్ళందరూ చెవిలో మోగే తాళపు టిక్కు టిక్కుకే వాయిస్తారు కాబట్టి ఆ పాట ఎప్పుడు వాయించినా ఒకే వేగం. నిరుటి గొంతు ఈ ఏటి వాయిద్యాల మీద అతికినట్టు కూర్చుంది.

నా బల్ల మీద బావతో మాట్లాడే మైకు లాక్కున్నాను. "బావా! అక్కది ప్లేబ్యాక్‌లో ఉంది!"

"తెలుసు. నేనే నొక్కాను."

"తెలుసా? లైవ్‌కి మార్చు! అక్క మాట్లాడుతోంది!"

"అది అలా విరిగిపోతుంటే ఎవడైనా నవ్వితే నేను తట్టుకోలేను. ఊరుకో. అయిపోయింది."

అయిపోయింది. అక్క ఇయర్‌ఫోన్లు తీసేసరికి చప్పట్లు మాత్రమే మిగిలాయి. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

లోపలికొచ్చి నన్ను కావలించుకుంది. "చూశావుటే? ఒక్కడైనా అల్లరి చేశాడా? వెళ్ళొస్తానంటే ఎన్ని చప్పట్లు కొట్టారో!" ముఖం వెలిగిపోతోంది. బావ గుమ్మంలో నిలబడి కేబుల్ చుడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లారీ వెనక పట్టుకుని నిలదీశాను. "ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"దాని ముఖం చూశావుగా" అన్నాడు బావ. ఆపరేషన్‌కు పోతున్న మనిషికి ఎవరు చెప్తారు? నేనూ నోరు మూసుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. అక్క మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కడినుంచే. పెదవులు కదిలిస్తుంది, మేం చూసి అర్థం చేసుకుంటాం. ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ గోలలో వద్దట. మిక్సర్లో శుభ్రంగా ఉంటుంది, అదే వింటానంది. బావ వైరు దొరకలేదన్నాడు, ఇంకోసారి డిస్కు ఆఫీసులో ఉందన్నాడు. అక్క వదల్లేదు.

ఒక మధ్యాహ్నం ఇక తప్పక, మిక్సర్ బల్ల మీద పెట్టి, హెడ్‌ఫోన్లు అక్క తలకు తగిలించాడు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. పాట మొదలైంది. అక్క నవ్వింది. చరణం దగ్గర నవ్వు ఆగింది. చీలాల్సిన చోట గొంతు చీలలేదు. తన గొంతు తనకు తెలియదా? అయినా తల వంచుకుని వింటూనే ఉంది, చివరి ఆ నాలుగు మాటల కోసం. అవి రావాల్సిన చోట హెడ్‌ఫోన్లలోంచి ఆ పెద్ద ఎత్తు నాకు కూడా సన్నగా వినపడింది.

అక్క నా వైపు చూసింది. పెదవులు కదిలాయి. "నేను చెప్పింది?"

"హాలుకు వెళ్ళలేదక్కా. రికార్డూ కాలేదు." ఇక దాచే ఓపిక నాకు లేదు.

"ఎవరూ వినలేదా?"

"నేను విన్నాను. వాయించేవాళ్ళు విన్నారు, వాళ్ళ చెవుల్లోకి నేనే పంపాను. అంతే."

అక్క మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది. తర్వాత బావ వైపు తిరిగింది. ఒక్క మాటే, పెదవులు నెమ్మదిగా కదిలాయి.

"నువ్వు?"

ఆరోజు బావ చెవుల్లోనూ నిరుటి పాటే ఉంది. పెళ్ళాం ఆఖరిసారి పాడుతుంటే, మాట్లాడుతుంటే, ఆ గొంతును నొక్కేసి కూర్చున్నవాడు తనే. తల అడ్డంగా ఊపాడు.

అక్క హెడ్‌ఫోన్లు తీసింది. విసిరికొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. బావ తలకు తగిలించి, చెవుల మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బావ వాటిని తీయలేదు. పాట అయిపోయి, నిరుటి చప్పట్లు మొదలయ్యాయి.