ఫలహారం బండికి కట్టిన జీపు

మా అబ్బాయి తేజ జీపు ఎక్కాలంటే మా ఆవిడ పుణ్యవతికి పీట కావాలి. పూజ గదిలో కూర్చునే పీటలాంటిదే, జీపుకని వేరే ఒకటి కొన్నాం. ఆవిడ దాని మీద నిలబడి జీపెక్కుతుంది, నేను పీటను లోపలికి అందిస్తాను. గుడి ముందు కొబ్బరికాయలమ్మే వాళ్ళకు మేమంటే అందుకే అంత గుర్తు.

ఆ జీపు తేజ కంటే పాతది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. కొన్నప్పుడు మామూలు ఎత్తులోనే ఉండేది. మావాడు కింద బండి బరువు మోసే కమాన్ కట్టలు మార్పించి, ఇంతింత లావు టైర్లు తొడిగించి, దాన్ని పైకి లేపించాడు. ఎందుకురా అంటే కొండలూ వాగులూ దాటడానికన్నాడు. వాడి ఆఫీసు హైటెక్ సిటీలో. రోజూ నార్సింగిలో బయల్దేరి ఆటోల మధ్య ఆగుతూ అక్కడికి చేరతాడు. ఇంతవరకు ఆ జీపు దాటిన వాగు, వాన పడినరోజు రోడ్డు మీద నిలిచిన నీళ్ళే. ఆ ఒక్క సంగతీ మా చుట్టాలందరూ ఒకటికి రెండుసార్లు విన్నారు.

ఎత్తు పెరిగాక ఒక చిక్కు వచ్చిపడింది. మా అపార్టుమెంటు సెల్లారులోకి దిగేచోట అడ్డంగా ఇనుప కడ్డీ ఉంది. జీపు నెత్తి దానికి తగిలింది. కొండలు దాటే బండి సొంత ఇంట్లోకి దూరలేకపోయింది.

మా పక్కనే నర్సింహగారి ఖాళీ ప్లాటు ఉంది. మా అపార్టుమెంటు లేచిన నేల కూడా ఒకప్పుడు ఆయన పొలమే. విషయం తెలిసి తనే వచ్చాడు.

"మా జాగల నిలబెట్టుండ్రి సారు. కిరాయి గిరాయి మాట తియ్యకుండ్రి. ఇరుగు పొరుగు అన్నంక గంత గూడ లేకుంటె ఎట్ల?"

అలా ఆయన మాకు దగ్గరయ్యాడు.

బోనాల రోజులు వచ్చాయి. మా కృష్ణా జిల్లా వైపు లేదు గాని, ఇక్కడ బోనాలకు ఫలహారం బండి కడతారు. అమ్మవారి పటం, పళ్ళు, ప్రసాదాలు బండిలో పెట్టి, పూలతో అలంకరించి, డప్పులతో గుడికి ఊరేగిస్తారు. నార్సింగిలో పోచమ్మ గుడికి మొదట చేరే బండి నర్సింహగారి ఇంటిది. మొదటి హారతీ దానికే. వాళ్ళ తాత నాటి నుంచీ అంతే. ఎడ్లున్నన్నాళ్ళు ఎడ్లు లాగాయి, తర్వాత ట్రాక్టరు లాగింది. పొలం పోయాక ట్రాక్టరు అమ్మేశాడు. ట్రాలీని మాత్రం అమ్మవారిదని అట్టే పెట్టాడు. పోయినేడు కిరాయికి మాట్లాడిన ట్రాక్టరు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా అదే ఊరి మొగిలి ఇంటి బండి ముందు చేరింది. గుడి పెద్ద కుమ్మరి లచ్చవ్వ అప్పుడు ఊరుకుంది గాని, ఈ ఏడు కూడా అలాగే అయితే మొదటి హారతి ఇక మొగిలి ఇంటిదేనని అందరి ముందూ చెప్పేసింది.

"భూమి పోయింది సారు, పోనీ. మొదటి హారతి గూడ పోతె ఇగ ఈ ఊర్ల నేనెవణ్ణి?" అన్నాడు నర్సింహగారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ మాట నేల చూస్తూ అన్నాడు.

తేజ పక్కనే ఉన్నాడు. "అంకుల్, మన జీపు ఉండగా ట్రాక్టరెందుకు? ఏనుగునైనా లాగుతుంది."

"ఇంతవరకు ఏదైనా లాగిందా?" అన్నాను.

"పవర్ ఉంది కదా నాన్నా!"

ఆదివారం ప్లాటులోనే పరీక్ష పెట్టారు. జీపు వెనక కొక్కెం ట్రాలీ మెడ కంటే ఎంతో ఎత్తులో ఉంది. బలవంతాన తగిలిస్తే ట్రాలీ మూతి పైకి లేచి, తోక నేలకు వాలింది. అందులోని ఖాళీ నీళ్ళ డ్రమ్ము దొర్లుకుంటూ వెనక నుంచి కిందపడింది.

నర్సింహగారి భార్య భాగ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిట్లనే కూసోబెడితె అమ్మ సుక్కలు లెక్కవెట్టుకుంట పోతది బిడ్డా!"

తేజ వెల్డింగు షాపులో కిందికి దించిన ఇనుప కొక్కెం చేయించాడు. ట్రాలీ సమంగా నిలిచింది. కానీ సర్వీసు రోడ్డు ఎక్కుడులో ఇంజను మూలిగింది. దిగుడులో బ్రేకు తొక్కితే జీపు ఆగబోయింది గాని, వెనక ట్రాలీకి ఆగే ఉద్దేశం లేదు. చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ళు గ్లాసులు పట్టుకునే పరుగెత్తారు.

ఆ సాయంత్రమంతా మావాడు ఫోనులో వీడియోలు చూశాడు. భోజనాల దగ్గర మెల్లగా మొదలుపెట్టాడు.

"నాన్నా, బరువు లాగాలంటే బండి ఎత్తు తక్కువుండాలట. అప్పుడు పక్కలకు ఊగదు. టైర్లు చిన్నవైతే లాగే బలమూ పెరుగుతుంది, బ్రేకూ బాగా పడుతుంది. వెనక కమాన్ కట్టకు ఇంకో పట్టీ కలిపితే చాలు."

"అంటే కొన్నప్పుడు ఎలా ఉందో అలాగన్నమాట."

"అలా కాదు నాన్నా. దీన్ని టోయింగ్ సెటప్ అంటారు."

నేను మజ్జిగ పోసుకున్నాను. పాత టైర్లు మా బాల్కనీలోనే ఉన్నాయి. వాటిలో పుణ్యవతి బంతి మొక్కల కుండీలు పెట్టుకుంది. మొగ్గ తొడిగిన మొక్కల్ని నేల మీదకి దించడానికి ఆవిడకు మనసు రాలేదు.

"అమ్మవారి కోసం కదమ్మా," అన్నాడు తేజ.

"నీ జీపు లేపినప్పుడు ఏ అమ్మవారు అడిగింది?" అంది గాని, కుండీలు దించింది.

జీపు దిగింది. మా సెల్లారు కడ్డీ కింద నుంచి తల వంచకుండా వెళ్ళింది కూడా. వాచ్‌మన్ లేచి సలాం కొట్టాడు. మావాడు మాత్రం తన స్నేహితులతో, దైవకార్యం కోసం తాత్కాలికంగా దించానని చెప్పుకున్నాడు. మొక్కు తీర్చుకున్నవాడిలా చెప్పాడు.

బోనాల రోజు మధ్యాహ్నం ట్రాలీని బంతిపూలతో, వేపమండలతో కట్టారు. నడుమ అమ్మవారికి పీట వేశారు. దాని ముందు భాగమంతా ఖాళీగా వదిలేసి, లైట్ల జనరేటరు, పళ్ళ గంపలు, డప్పులవాళ్ళు, అన్నీ వెనకే ఎక్కించారు. ట్రాలీ వెనక్కి కుంగింది. జీపు వెనక చక్రాలు నేల మీద తేలిపోతున్నట్టున్నాయి.

"అంకుల్, బరువు ముందు భాగంలో ఉండాలి. ఇలాగైతే ట్రాలీ తోక ఊపుకుంటూ పోతుంది, జీపును కూడా ఊపుతుంది," అన్నాడు తేజ. ఈసారి వాడు చెప్పింది నిజమేనని నాక్కూడా అనిపించింది.

భాగ్యమ్మ ఒప్పుకోలేదు. "అమ్మ సూపుకు అడ్డం ఎవ్వలు కూసోవద్దు తమ్మి. ఏ వస్తువు పెట్టొద్దు. మా అత్త నాటి సంది గదే లెక్క."

ఇద్దరి మాటా కొట్టేసేది కాదు. దూరాన మొగిలి ట్రాక్టరు హారను వినిపిస్తోంది. నర్సింహగారు ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూస్తున్నాడు. నాకొక సందేహం కలిగి అడిగాను.

"అమ్మవారి ముఖం ముందుకే ఉండాలని ఏమైనా ఉందా? వెనక్కి తిప్పి కూర్చోబెడితే ఈ బరువంతా ఆవిడ వీపు వెనక, ట్రాలీ ముందు భాగంలోకి వస్తుంది. అమ్మ చూపుకూ అడ్డం ఉండదు. వెనక నడిచే జనాన్ని చూసుకుంటూ వస్తుంది. పిల్లలు వెనకుంటే తల్లి చూపు అటే కదా ఉంటుంది?"

భాగ్యమ్మ పీటను వెనక్కి తిప్పి చూసుకుంది. "మంచిగనే చెప్తున్నరు సారు. కని ఒక్కసారి కూసోబెట్టినంక హారతి అయ్యేదాక అమ్మను లేపం. మల్ల ఉల్టా సీదా అనొద్దు."

"అనను," అన్నాను. అప్పుడు నాకు దారి గురించే ఆలోచన. గమ్యం గురించి లేదు.

అందరూ దిగి బరువులు ముందుకు జరిపారు. అమ్మవారిని వెనక్కి ముఖం పెట్టి కూర్చోబెట్టారు. జీపు కదిలింది. ఎక్కుడులో మూలగలేదు, దిగుడులో తొందరపడలేదు. టవర్ల మధ్య నుంచి డప్పుల మోతతో నిండుగా వెళ్ళింది. పై అంతస్తుల వాళ్ళు ఫోనులు పట్టుకుని వంగి చూశారు. మొగిలి ట్రాక్టరు ఇంకా సందు మలుపులో ఉండగానే మేం గుడి ముందున్నాం. నర్సింహగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటో ఏమిటో చెప్పలేను.

లచ్చవ్వ హారతి పళ్ళెంతో మెట్ల మీద నిలబడి ఉంది. పళ్ళెం ఎత్తలేదు.

"ఏందిరా నర్సింహా! అమ్మ గుడికి ఈపు వెట్టి వచ్చింది?"

నర్సింహగారు నా వైపు చూశాడు. భాగ్యమ్మ కూడా చూసింది. నేను అమ్మవారి వైపు చూశాను. ఆవిడ మొగిలి బండి వస్తున్న దిక్కు చూస్తోంది.

"లేపి తిప్పొద్దు గద అవ్వా, ఏం జెయ్యాలె?" అన్నాడు నర్సింహగారు.

"అమ్మను తిప్పొద్దు. బండిని తిప్పు. ముఖం ఇటు దిక్కు అయినంకనే బండి వచ్చినట్టు. అప్పటిదాక ఏ బండికీ హారతి లేదు."

తేజ రివర్సు గేరు వేశాడు. జీపును ముందుకు లాగడానికి ఏమేం కావాలో అన్నీ అమర్చుకున్నాడు గాని, వెనక్కి నడపడం గురించి మావాడు అసలు తలుచుకోలేదు. స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ కుడికి పోయింది. కుడికి తిప్పితే ఇంకా వంకరగా పోయింది. నాలుగు చక్రాలూ పూర్తి బలంతో తిరిగి, ట్రాలీని గుడి గోడకూ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకూ మధ్య సందుకు ఐమూలగా అడ్డం బిగించి పెట్టాయి.

మొగిలి ట్రాక్టరు వచ్చి ఆగింది. పోవడానికి సందులేదు. మొగిలి దిగాడు.

"ఏం తమ్మి, గుంజుడు నేర్చినవు. ఎనకకు నూకుడు నేర్వలేదా?"

"మొగిలీ, నవ్వకురా," అన్నాడు నర్సింహగారు. "కొక్కెం ఇప్పి చేతులతోని తిప్పాలె. కని మావోళ్ళు గింతమందే ఉన్నరు."

నిజమే. పొలాలు అమ్ముకుని ఆయన అన్నదమ్ములు తలో దిక్కు వెళ్ళిపోయారు. డప్పులవాళ్ళను కలిపినా ట్రాలీ కదలదు. మొగిలి వైపు మాత్రం ఇంటిల్లిపాదీ, వాళ్ళ వీధి వాడకట్టంతా ఉంది. వాళ్ళు చెయ్యి వేస్తే నర్సింహ బండి మొదట చేరుతుంది. వెయ్యకపోతే వాళ్ళ బండి కూడా చేరదు.

మొగిలి గుడి వైపు చూశాడు, అడ్డంగా ఉన్న ట్రాలీని చూశాడు. అమ్మవారు ఇంకా తన వైపే చూస్తోంది.

"దారి పొడుగున నన్నే సూసుకుంట వచ్చింది. ఇప్పుడు తెలిసింది ఎందుకో," అని తువ్వాలు నడుముకు బిగించాడు. "రాండ్రిరా! మనం పోవాల్నంటె వీన్ని ముందు పంపాలె!"

జనమంతా దిగారు, జనరేటరు కూడా దిగింది. కొక్కెం విప్పారు. ఎడ్లుంటే నిలబడే చోట మొగిలి నిలబడి ట్రాలీ మెడ పట్టాడు, పక్కనే నర్సింహగారు. నేనూ ఒక చెయ్యి వేశాను, నా వంతు పాపం ఉంది కనుక. ట్రాలీ కిర్రుమంటూ మెల్లగా తిరిగింది. అమ్మవారి ముఖం టవర్లను, ట్రాక్టరును, మా జీపును దాటి గుడి వైపుకు వచ్చి ఆగింది.

లచ్చవ్వ పళ్ళెం ఎత్తింది. "మొదటి హారతి నర్సింహ ఇంటిది."

"అవ్వా, తెచ్చింది మేం గద!" అన్నాడు మొగిలి రొప్పుతూ.

"అయితె నువ్వు గూడ ముంగట్నే ఉన్నవు గదరా. కండ్లకద్దుకో."

ఇద్దరూ ఒకే మంట మీద చేతులు పెట్టారు.

"వచ్చేయేడు గూడ రావాలె మొగిలన్నా," అన్నాడు నర్సింహగారు.

"నేనొస్తె మా ట్రాక్టరు ఎవడు నడుపాలె?"

"మా తమ్మి ఉన్నడు గద!" అని తేజను చూపించాడు.

"వద్దు వద్దు!" అని మొగిలి వాడకట్టంతా ఒక్కసారే అరిచింది.

జీపు ఒక పక్కన ఖాళీగా నిలబడి ఉంది. ఎవరో పోతూ పోతూ దాని ముందు కాస్త పసుపు కుంకుమ పెట్టారు. పుణ్యవతి పీట లేకుండా ఎక్కి కూర్చుంది.

"హాయిగా ఉందిరా. ఇలాగే ఉంచు."

"వచ్చే నెలలో మళ్ళీ లేపిస్తానమ్మా," అన్నాడు తేజ. స్టీరింగు తుడుస్తూ, "బోనాలప్పుడు మళ్ళీ దించుకోవచ్చులే," అన్నాడు.

ఆవిడ నా వైపు కూడా చూడలేదు. "లేపించేదేదో త్వరగా లేపించు. నా బంతి మొక్కలు నేల మీదున్నాయి. ఆ టైర్లు నాకు కావాలి."