నమూనాలో లేని కాలమ్

గుంటూరు చుట్టుపక్కల పదకొండు కోల్డ్ స్టోరేజీల్లో ఏ మిరపకాయల గోతం, అంటే టిక్కీ, ఏ గదిలో ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ కోటేష్‌ది. పదేళ్ల అనుభవం, దానికి తగ్గ నోరు.

అది 2003 ఫిబ్రవరి. సోమవారం నుంచి కొత్త కాయ దిగుతుంది. ఒకే రైతు సరుకును రెండు మూడు గదుల్లో సర్దే వీలుండాలని ఈ ఏడాది స్టోరేజీల వాళ్లు పట్టుబట్టారు. అంటే లోపలి టేబుళ్ల అమరికే మారాలి. ఆదివారానికల్లా మార్చి ఇస్తానని కోటేష్ మాటిచ్చేశాడు. ఒక్క వివరం చెడినా ఏ టిక్కీ ఎవరిదో తెలియదు. ఆయన పరువు మిర్చి యార్డు నడిబొడ్డున పోతుంది.

ఇన్నాళ్లూ ఊరూరా బండి మీద తిరిగి చేత్తో మార్చేవాడు. ఈసారి ఆ పని చేసే టూల్ రాయమని నజ్మీన్‌కి అప్పగించాడు. వినుకొండ నుంచి వచ్చి ఏడాదిగా ఆయన దగ్గర పనిచేస్తున్న అమ్మాయి. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఫ్లాపీని కవర్లో పెట్టి బస్సు డ్రైవరుకిస్తే, అక్కడి స్టోరేజీ గుమాస్తా బస్టాండులో అందుకుని తనే నడుపుకోవాలి. అందుకని నల్ల తెర మీద ఒక్క మాట కొడితే నడిచేలా రాసింది. తెర మీది ప్రతి వరుసకీ అంకె వేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పెట్టింది. ఫోనులో చదివి వినిపించాలి కదా! కోటేష్‌కి ముచ్చటేసింది గానీ పైకి అనలేదు.

ఒక్కటే నచ్చలేదు. ఆ టూల్ ఏం చేయబోతోందో ముందే చెబుతుంది, తనకు తెలియని కాలమ్ కనబడితే ఆగిపోతుంది.

"ఆగడమేందమ్మాయ్? మన టేబుళ్ల నమూనాలో లేనిది చెత్తేగా. కొట్టేసి ముందుకు పోవాలిగానీ!"

"చెత్తో కాదో టూల్‌కి తెలీదు సార్. పెట్టినవాళ్లకే తెలుసు."

"అన్నిచోట్లా ఆగితే సోమవారం నన్ను మిరపకాయల్లో పాతేస్తారు."

"ఆగనివ్వండి సార్," అంది నజ్మీన్. అక్షరం మార్చలేదు. కోటేష్ గొణుక్కుంటూనే ఫ్లాపీలను బస్సులెక్కించాడు.

శనివారం సాయంత్రానికి పది చోట్ల పని నల్లేరు మీద బండిలా సాగింది. ప్రత్తిపాడులో ఆగింది. అక్కడి గుమాస్తా చెంచురామయ్య, పెద్దాయన, ఫోను చేశాడు.

"కోటేష్ బాబూ, నాలుగో వరుసలో ఏదో అడుగుతుందయ్యా. తాలు అనే కాలమ్ నాకు తెలియదు, ముట్టుకోను, ఎవరు పెట్టారో కనుక్కోండి అంటంది."

"ఎవరు పెట్టారండీ?"

"నేనే. కాలమ్ పెట్టడం పోయినేడు నువ్వేగా ఫోన్లో నేర్పింది!"

తాలంటే రంగు పోయి తెల్లబడ్డ, ధర పలకని కాయ. గోతంలో కుట్టేశాక ఎర్రకాయా తాలూ పైకి ఒకేలా ఉంటాయి.

"ఎన్ని టిక్కీలకు ఆ గుర్తు వేశారు?"

"మూడు వేల పైచిలుకు. కంప్యూటరుంది గదాని పుస్తకంలో రాయడం కూడా మానేశా."

కోటేష్‌కి విషయం అర్థమైంది. నజ్మీన్ తన మాట విని ఉంటే ఆ గుర్తులన్నీ ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకుపోయేవి. నేర్పింది తనే, మరిచిపోయిందీ తనే. సిగ్గుతో తల వాలింది. మీసం కూడా రాని రోజుల నుంచి యంత్రాలతో కుస్తీ పట్టినవాడు, ఇంత మర్యాద తెలిసిన టూల్‌ను ఎన్నడూ చూడలేదనుకున్నాడు.

నజ్మీన్ ఫోను అందుకుంది. "మంచి పని చేశారు బాబాయ్ గారూ. ఇది అన్ని స్టోరేజీలకీ కావాల్సిందే," అంది.

తాలు కాలమ్‌ను అన్నిచోట్లా చేర్చేలా, టూల్‌లో పదమూడో మార్పును గంటలో రాసింది. ప్రతి మార్పు పక్కనా అది ఎవరి ఆలోచనో తెర మీద పడుతుంది. అంతకుముందు పన్నెండింటి పక్కనా కోటేష్ పేరే. దీని పక్కన మాత్రం ఆయన్ని అడక్కుండానే చెంచురామయ్య అని కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కొత్త ఫ్లాపీతో ప్రత్తిపాడులో టూల్ ఆగకుండా నడిచింది. వెంటనే ఫోను మోగింది.

"అమ్మా, ఇందులో నా పేరు పడిందేందమ్మా! అన్నిచోట్లా ఇట్టాగే పడుద్దా?"

"పదకొండు చోట్లా పడుతుంది బాబాయ్ గారూ."

 చెంచురామయ్య గొంతు సవరించుకుని, "రేపు లారీలు రానీయండి," అన్నాడు.

కోటేష్ తన కుర్చీని నజ్మీన్ పక్కకు లాక్కుని, కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాడు.

"ఈ టూల్ ఎట్టా రాశావో మొదటి వరుస నుంచి చెప్పమ్మా," అన్నాడు. "రాసుకుంటాను."