మడిమంత చిల్లు

గద్వాలలో వాళ్ల వాడకట్టున ఎవరింట్లో ఏం కారినా ముందు వినబడే మాట ఒకటే: "జములును పిలువుండ్రి."

నల్లా కారినా, మట్టి మిద్దె కారినా, బిందెకు సన్న చిల్లు పడ్డా జములమ్మ వచ్చి చెయ్యి పెట్టేది. కారడం ఆగేది. ఆమె అక్కడున్నంతసేపే ఆగేది, లేచిపోతే మళ్లీ మొదలు. అందుకే వానాకాలమంతా పూటకో ఇంట్లో గోడకు ఒక చెయ్యి ఆనించి, వాళ్లిచ్చిన చాయ్ తాగుతూ, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని చదువుకునేది. మనసుతో పెడితేనే ఆగుతుందన్న సంగతీ అందరికీ ఎరుకే. చిన్నప్పుడొకసారి తల్లి పెంటమ్మ కొట్టిందని అలిగి గోడకు ఊరికే చెయ్యానించి నిలబడితే, మిద్దె దూలాల దాకా కారి జొన్నల సంచి మొలకలెత్తింది.

చెల్లెలంటే అన్న దేవరాజుకు ప్రాణం. ప్రాణం మరి పిలవకుండానే ఒంట్లో ఉంటుంది. ఉన్నావా అని ఎవరూ అడగరు.

దేవరాజు వెల్డింగు పని చేసేవాడు. కిటికీలు, గేట్లు, ట్రాలీ డబ్బాలు చేసీ చేసీ విసుగొచ్చి, ఒక ఎండాకాలం ఏకంగా ఒక కారునే తయారు చేయాలనుకున్నాడు. పాత జీపు ఛాసీని కోసి పొట్టి చేశాడు. దాని మీద మారుతి ఇంజను ఎక్కించాడు. స్టీరింగు అంబాసిడర్‌ది, సీట్లు మూతపడ్డ సినిమా హాలువి. రేకును తనే సుత్తితో కొట్టి వంచి, ఎర్రరంగు వేసి అద్దంలా తేల్చాడు. పైకప్పు లేదు. పెండ్లికొడుకు నిలబడి ఊరేగొచ్చు. అటు ధరూరు నుంచి ఇటు నాగర్‌కర్నూల్ దాకా పెండ్లికొడుకులంతా ఆ ఎర్రబండే కావాలని అలగడం మొదలుపెట్టారు.

ఒక్క తప్పు చేశాడు. బ్రేకు పైపు మూతి అంచును సరిగ్గా వెడల్పుగా విప్పకుండానే నట్టు బిగించి, తొక్కి చూడకముందే దాని మీద నేల రేకు వెల్డింగు చేసేశాడు. రంగు కూడా వేశాడు. తెల్లారి తొక్కితే పెడల్ నేలదాకా దిగబడింది. రేకు కింద, పైపు అతుకు దగ్గర, బ్రేకు ఆయిల్ చుక్కచుక్క కారుతోంది. బాగు చేయాలంటే రేకు కోయాలి. ఆ మెరుపును కోయడానికి వాడికి చేతులు రాలేదు.

"జములూ, జర ఇటు రా" అన్నాడు.

ఆమె వచ్చి బండి కిందికి చెయ్యి పోనిచ్చి అతుకు మీద వేలు పెట్టింది. ఆగింది. కానీ నడిచే బండి కింద ఎవరు పండుకుంటారు? దేవరాజు ఆలోచించి, ముందు సీటు దగ్గర నేల రేకుకు మడిమ పట్టేంత చిల్లు చేశాడు. అందులో కాలు దించితే మడిమ సరిగ్గా అతుకు మీద ఆనుతుంది. పైన గోనెపట్ట కప్పితే చిల్లు కనబడదు.

"గింత చిల్లు చేసినోనివి, ఇంకింత కోసి పైపే మార్చొచ్చు గదన్నా?"

"చేస్త, చేస్త. ఈ పెండ్లిళ్లు కానీ."

ఇక పైపులో గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు కింద పండుకుని చక్రం దగ్గర గాలి పోయే నిప్పుల్ మరను విప్పి బిగించాలి. ఎడమ మడిమ చిల్లులో, కుడికాలు పెడల్ మీద పెట్టి జములమ్మ పక్కవాటుగా కూర్చుంది. కింది నుంచి అన్న అరిచాడు.

"తొక్కు!"

"తొక్కిన."

"పట్టు!"

"పట్టిన."

"వదులు!"

"వదిలిన."

ఆ పూట బండి పెంటమ్మ గడప ముందు, ముగ్గు చెరగకుండా ఆగింది. చెల్లెలుండగా రెంచీ ఎందుకనుకున్నాడు దేవరాజు. పట్టమన్నవాడికి వదలమనే మాట ఆ రోజు తర్వాత మళ్లీ గుర్తు రాలేదు.

బండి పోయిన ప్రతి పెండ్లికీ జములమ్మ పోయింది. వెనక పెండ్లికొడుకు, ముందు బ్యాండు, అన్న పక్కన చిల్లులో మడిమ పెట్టుకుని ఆమె. బ్రేకు ఆయిల్‌కు చర్మం పగిలి, మడిమ బీడు భూమిలా నెర్రెలు విచ్చింది. "నువ్వు బండికి లక్ష్మివమ్మా" అనేవాళ్లు పెండ్లివాళ్లు. లక్ష్మి ఏమంటుందో వినడానికి బ్యాండు ఆగేది కాదు.

మరుసటేడు ఆమెకు నాగర్‌కర్నూల్‌లో టీచరు ట్రైనింగు సీటు వచ్చింది. చేరడానికి ఆఖరు రోజు పెద్ద లగ్నం. "వనపర్తిల పెండ్లికొడుకును దించుదాం, ఆడికెళ్లి సీదా నీ కాలేజీకే" అన్నాడు దేవరాజు. పెండ్లికొడుకును దించాడు. తర్వాత పెండ్లికూతురి మేనమామను తేవాలన్నారు, తెచ్చాడు. ఫోటోగ్రాఫరు బస్సు తప్పిందన్నారు, వాణ్నీ తెచ్చాడు. నాగర్‌కర్నూల్ చేరేసరికి కాలేజీ గేటుకు తాళం పడింది. తిరుగుదారిలోనూ జములమ్మ మడిమ చిల్లులోనే ఉంచింది. అందుకే దేవరాజు, పెద్ద బాధేం కాలేదేమో అనుకున్నాడు.

ఆమె మళ్లీ పరీక్ష రాసింది. మళ్లీ సీటొచ్చింది. మళ్లీ ఆఖరు రోజునే వనపర్తిలో మామ వరసయ్యే కృష్ణయ్య కొడుకు పెండ్లి.

"నేను బస్సుకు పోత" అంది జములమ్మ.

"నువ్వు బస్సుకు పోతే బండి ఎట్ల ఆగుతది? కృష్ణయ్య మామకు మాటిచ్చిన. ఈపాలి ఒట్టు, పెండ్లికొడుకును ఎక్కించుకొని మండపంల దించుడే. మేనమామ లేడు, గీనమామ లేడు."

"గీ యేడు గూడ తప్పిందంటే నేను మల్ల రాయనన్నా."

"తప్పదంటున్న గద!"

పెంటమ్మ గడపలో నిలబడి అంది: "అరే, రేకు కోస్తే నీ పేగు తెగుతదారా? ఒక్క పూట కూసోని బాగు చేసుకోరాదు?"

"వచ్చే నెల, అమ్మా."

పొద్దున్నే బయల్దేరారు. ఎర్రవల్లి చౌరస్తా దాటారు, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటారు. పెబ్బేరు దగ్గర అడ్డమొచ్చిన గొర్రెల మందకు బండి చక్కగా ఆగింది. వనపర్తిలో కృష్ణయ్య ఇంటి ముందు పందిరి, బ్యాండు, బాసికం కట్టుకుని పెండ్లికొడుకు. కృష్ణయ్య చేతులెత్తి ఎదురొచ్చాడు. దేవరాజు బ్రేకు తొక్కాడు.

పెడల్ నేలదాకా దిగబడింది.

మళ్లీ తొక్కాడు. ఏమీ లేదు. పక్కకు చూస్తే జములమ్మ మడిమ చిల్లులోనే ఉంది, ఆమె చూపు మాత్రం రోడ్డు మీదుంది. కింద ఆయిల్ సన్నటి గీతలా కారుతోంది.

"ఏయ్ దేవరాజూ! ఆపు! ఆపవేందిరా!" బండి వెంట కృష్ణయ్య ఉరికాడు. కొడుకు బాసికం పట్టుకుని తండ్రి వెంట ఉరికాడు. బ్యాండువాళ్లు ఏం చేయాలో తోచక వాయిస్తూ ఉరికారు. చేతిబ్రేకు బిగించడం కూడా పెండ్లిళ్ల తర్వాతి పనుల్లోనే ఉండిపోయింది. దేవరాజు ఇంజను బంద్ చేశాడు. బండి ఆగలేదు. గేరులో వేసినా ఆగలేదు. అంగడిలో జనం, బర్రెలు, తోపుడుబండ్లు పక్కకు జరిగి దారిచ్చాయి. "బండి లక్ష్మిని ఏడికో తోలుకపోతుండు" అని ఒక ముసలమ్మ టమాటల బుట్ట జరుపుకుంది.

బిజినేపల్లి మీదుగా, ఇంజను చప్పుడు లేకుండా, గాలి మాత్రమే వినబడుతూ బండి పోయింది. దేవరాజు తిట్టాడు, తర్వాత బతిమాలాడు.

"జములూ, నా ఇజ్జత్ పోతది. జర మనసు పెట్టు."

"పెడుతున్ననన్నా. వస్తలేదు. నిరుడు గేటు కాడ ఏడనో పడిపోయినట్లున్నది."

నాగర్‌కర్నూల్‌లో కాలేజీకి పోయే రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కుతుంది. ఆ ఎత్తున బండి నెమ్మదించి, తెరిచి ఉన్న గేటు ముందు నిలబడింది. అప్పటికింకా పొద్దు నడినెత్తికి రాలేదు.

జములమ్మ చిల్లులోంచి కాలు పైకి తీసింది. మడిమను కొంగుతో తుడుచుకుంది. సంచి తీసుకుని దిగింది.

"వదిలిన అన్నా" అంది. లోపలికి పోయింది.

దేవరాజు బండిని తాడు కట్టించి ఆ ఊళ్లోనే ఉన్న మెకానిక్ సుభాన్ షెడ్డుకు లాగించాడు. సుభాన్ పాత దోస్తు, గోనెపట్ట తీసి చిల్లు చూసి నోరు తెరిచాడు. ఇద్దరూ కలిసి నేల రేకు కోశారు. పైపు మూతి కోసి, సాపు చేసి, పూవులా విప్పారు. వాషర్లు మార్చారు, సిలిండర్లలో రబ్బర్లు మార్చారు. కొత్త ఆయిల్ పోశారు. సుభాన్ పెడల్ మీద కూర్చుంటే దేవరాజు కింద పండుకున్నాడు. "తొక్కు" అన్నాడు, "పట్టు" అన్నాడు. "వదులు" అనాల్సిన చోట బిగించిన నిప్పుల్‌నే మళ్లీ మళ్లీ బిగిస్తూ ఉండిపోయాడు.

"ఏం భాయ్, వదల్నా?" అని సుభాన్ పై నుంచి అరుస్తూనే ఉన్నాడు.

అంతా అయ్యేసరికి చాయ్ వేళ కూడా కాలేదు.

"గింతే పని భాయ్" అన్నాడు సుభాన్ చేతులు తుడుచుకుంటూ. "గింతదానికి చెల్లెను ఇన్ని పెండ్లిళ్లకు తిప్పినవా?"

దేవరాజు బండి కింద వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది.

జములమ్మకు గేటు మూసుకున్న ఏడు ఆ కాలేజీలో చేరినవాళ్లు బయటికొచ్చిన వెంటనే టీచర్ల భర్తీ జరిగింది. వాళ్లు సర్కారు బడుల్లో కుర్చీలెక్కారు. జములమ్మ జట్టు బయటికొచ్చేసరికి భర్తీ ఊసే లేదు. ఆమె నాగర్‌కర్నూల్‌లోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, ఇద్దరు తోటి పంతులమ్మలతో గది తీసుకుని ఉండిపోయింది. ఆ గదిలో నల్లా కారుతుందట. కారనిస్తుందట. గద్వాలలో మిద్దె కారితే పెంటమ్మ బిందెలు పెట్టుకుంటుంది. ఎవరినీ పిలవదు.

పండగకు వస్తే బస్టాండు నుంచి ఇంటికి తెచ్చేది దేవరాజే.

"ముందు కూసో జములూ. రేకు కొత్తగ ఏసిన."

"వెనకాల మంచిగున్నదన్నా. కాళ్లు సాపుకోవచ్చు."

బ్రేకు ఇప్పుడు ఎక్కడ తొక్కితే అక్కడ పడుతుంది. పెండ్లికొడుకులు ఇంకా అడుగుతూనే ఉన్నారు. కోసిన నేలకు కొత్త రేకు అతికేటప్పుడు పాత ముక్కలో మడిమంత చిల్లున్న భాగాన్ని మాత్రం అట్లాగే ఉంచి, దాని చుట్టూ వెల్డింగు చేశాడు దేవరాజు. ఆయిల్ పడి ఆ ముక్కంతా రంగు లేచిపోయింది. చిల్లు అంచున జములమ్మ పాదం ఆనిన చోట మాత్రం ఎర్రరంగు ఇంకా మెరుస్తూ ఉంది. గోనెపట్ట తీసేశాడు. ఒక్కడే పోయేటప్పుడు ఆ చిల్లులోంచి రోడ్డు కనబడుతుంది, వెనక్కి వెనక్కి పోతూ.